డిగ్రీలో జీవశాస్త్రమా, వాణిజ్యమా? నరసన్నపేట నుంచి ఒక తండ్రి ప్రశ్న

వంశధార (నరసన్నపేట)
2024 జూన్ 16

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడాది బైపీసీతో ఇంటర్మీడియట్ పూర్తి చేసింది. ఈ నెల 4న వచ్చిన నీట్ ఫలితాల్లో సీటు దొరికేటన్ని మార్కులు రాలేదు. మరో ఏడాది కోచింగుకు పంపే ఉద్దేశం నాకు లేదు, వెళ్లాలన్న కోరిక తనకూ లేదు. వ్యవసాయ బీఎస్సీ గురించి ఆలోచించాము గాని, నైర కళాశాల మా ఇంటికి దగ్గరైనంతగా తన ర్యాంకు ఆ సీటుకు దగ్గర కాలేదు. కాబట్టి ఇప్పుడు మా ముందు మామూలు డిగ్రీ ఉంది.

అమ్మాయి జంతుశాస్త్రం చదువుతానంటోంది. విశాఖపట్నంలో ఉండే మా బావమరిది మాత్రం బీఎస్సీకి కాలం చెల్లిందనీ, బీబీఏలో చేర్పించి తరువాత ఎంబీఏ చేయిస్తే స్థిరపడుతుందనీ గట్టిగా చెబుతున్నాడు. నాకు ఊళ్లో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. నా తరువాత దానిని తాను చూసుకున్నా సంతోషమే, ఉద్యోగం చేసుకున్నా సంతోషమే. ఈ రెండు చదువుల్లో నిజంగా ఏమేమి నేర్పుతారో, ఒకదాని నుంచి రెండోదానికి మారే వీలు ఎంతవరకు ఉందో తెలిసినవారు చెప్పగలరు.

పెద్దచెరువు (విజయనగరం)
జూన్ 16

వంశధార గారూ, నేను జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని కనుక నా మొగ్గు ఎటో మీరు ఊహించే ఉంటారు. దానిని లెక్కలో పెట్టుకునే చదవండి.

మన కాలంలో బీజెడ్‌సీ (వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం) అనుకున్న మూడు సబ్జెక్టుల పద్ధతి ఇప్పుడు లేదు. 2023-24 విద్యా సంవత్సరం నుంచి మన రాష్ట్రంలో విద్యార్థి ఒక సబ్జెక్టును మేజర్‌గా, అంటే ప్రధానంగా ఎంచుకుని, మరొకదానిని మైనర్‌గా, అంటే తోడుగా చదువుతున్నాడు. మూడేళ్లు పూర్తయ్యాక డిగ్రీ తీసుకుని బయటికి రావచ్చు, ఇష్టమైతే నాలుగో ఏడు చదివి ఆనర్స్ పట్టా పొందవచ్చు. జీవశాస్త్రాల వైపు చేరినవారికి మొదటి సెమిస్టర్‌లో సంప్రదాయ జీవశాస్త్రం, అనువర్తిత జీవశాస్త్రం అన్న రెండు పరిచయ పాఠ్యాంశాలు ఉంటాయి. ఆ తరువాత జంతుశాస్త్రం మేజర్ అయితే అకశేరుకాలు, సకశేరుకాలు, కణశాస్త్రం, జన్యుశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, రోగనిరోధకశాస్త్రం వస్తాయి. వీటితోపాటు మొదటి ఏడాది తరువాత సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తరువాత స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక సెమిస్టర్ పొడవునా ఇంటర్న్‌షిప్ చేయాలి.

ఇక మారే సంగతి. బైపీసీ చదివిన అమ్మాయి రేపే బీకామ్‌లోగాని బీబీఏలోగాని చేరవచ్చు. బీఎస్సీ పూర్తి చేశాక కూడా ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంబీఏకు వెళ్లవచ్చు, ఎందుకంటే ఆ పరీక్షకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, కనీస మార్కులు ఉంటే చాలు. అయితే బీబీఏ చదివినవారు తరువాత మనసు మార్చుకుని ఎమ్మెస్సీ జంతుశాస్త్రంలో చేరడానికి దారి లేదు. ఈ దారి ఒకవైపే తెరిచి ఉంటుంది కాబట్టి, రెండింటి మధ్య ఊగిసలాడుతున్న బైపీసీ విద్యార్థి ముందుగా జీవశాస్త్రం చదవడమే తెలివైన పని అని నా అభిప్రాయం. అమ్మాయి ఊగిసలాడుతున్నట్టు కూడా మీ మాటల్లో కనబడలేదు, ఊగిసలాట మీ బావమరిదిగారు తెచ్చిపెట్టినదే.

గంటస్తంభం (విజయనగరం)
జూన్ 17

పెద్దచెరువు మాస్టారి మాటలను గౌరవిస్తూనే, వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడిగా ఆ చివరి వాదనతో విభేదించక తప్పడం లేదు. దారి తెరిచి ఉంటుందన్న ఒక్క కారణంతో బీఎస్సీలో చేరి, మూడేళ్లు దానిమీద మనసు పెట్టక, చివరికి బ్యాంకు పరీక్షల కోచింగ్ కేంద్రంలో డెబిట్, క్రెడిట్ మొదటినుంచి నేర్చుకునే పిల్లలు ప్రతి ఏడాదీ కనబడుతూనే ఉన్నారు. మూడేళ్ల కాలానికి కూడా ఒక ఖరీదు ఉంటుంది.

వాణిజ్యంలో ఏమి నేర్పుతారని అడిగారు. ముందుగా బీకామ్‌నూ బీబీఏనూ వేరు చేసి చూడాలి. బీకామ్‌కు ప్రాణం అకౌంటెన్సీ. జర్నల్ పద్దుతో మొదలై ఖాతాలు, అంకణా, ఆస్తి అప్పుల పట్టీ, భాగస్వామ్య లెక్కలు, కంపెనీ లెక్కలు, కాస్టింగ్, ఆదాయపు పన్ను, జీఎస్టీ, ఆడిటింగ్ వరకు సాగుతుంది. బీబీఏలో లెక్కలు తగ్గి, మార్కెటింగ్, మానవ వనరులు, సంస్థాగత ప్రవర్తన, వ్యాపార నిర్వహణ వంటివి పెరుగుతాయి. మంచి అధ్యాపకులు, పరిశ్రమలతో సంబంధాలు ఉన్నచోట బీబీఏ బాగానే ఉంటుంది గాని, అవి లేనిచోట అది నిర్వచనాలు కంఠస్థం చేయడంతో ముగుస్తుంది. నా కూతురే అయితే బీబీఏ కన్నా బీకామ్‌కే పంపుతాను. 2024-25 నుంచి బీబీఏ కోర్సులు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అనుమతి పరిధిలోకి వచ్చాయి కాబట్టి, ఆ వైపే వెళ్లదలిస్తే కళాశాలకు ఆ అనుమతి ఉన్నదీ లేనిదీ తప్పక చూడండి.

మాస్టారు చెప్పిన దారికి ఇటువైపు కూడా ఒక రూపం ఉంది. చార్టర్డ్ అకౌంటెన్సీలో డిగ్రీ తరువాత నేరుగా ఆ కోర్సులో రెండో మెట్టయిన ఇంటర్మీడియట్ దశకు వెళ్లాలంటే వాణిజ్య పట్టభద్రులకు 55 శాతం, మిగతావారికి 60 శాతం మార్కులు చాలు. అంటే బీఎస్సీ చదివినవారికి కూడా ప్రవేశం ఉంది. కాకపోతే మూడేళ్లు అకౌంట్స్ ముఖం చూడకుండా ఆ పుస్తకాలు తెరిచినవారి కష్టం ఏ నిబంధనలోనూ రాసి ఉండదు.

పూసపాటిరేగ తీరం
జూన్ 17

ఈ రెండు చదువులూ ఎక్కడ కలుస్తాయో మా తీరంలో రోజూ కనబడుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. భోగాపురం, పూసపాటిరేగ మండలాల సముద్రపు ఒడ్డున రొయ్యపిల్లలను పుట్టించి పెంచే హేచరీలు ఉన్నాయని మీకు తెలిసిందే. అలాంటి ఒక హేచరీ ప్రయోగశాలలో నేను పనిచేస్తున్నాను.

మన దేశంలో వనామీ రొయ్య పెంపకానికి 2009లో అనుమతి వచ్చింది. ఆ జాతి మనది కాదు. తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెప్పించి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించాకే హేచరీలకు ఇస్తారు. వాటి గుడ్ల నుంచి వచ్చిన నాప్లియస్ దశను జోయియా, మైసిస్ దశలు దాటించి, పోస్ట్ లార్వా అయ్యాక రైతుకు సీడ్‌గా అమ్ముతారు. డిగ్రీలో రొయ్యలు, పీతలవంటి క్రస్టేషియన్ల జీవితచక్రం పాఠం చదివేటప్పుడు ఇదంతా పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న అనిపిస్తుంది. హేచరీలో మాత్రం ఏ దశలో ఏ శైవలం ఇవ్వాలో, పిల్లలకు మేతగా వేసే ఆర్టీమియా అనే చిన్న జీవులను ఎప్పుడు మొదలుపెట్టాలో తప్పితే ట్యాంకు మొత్తం పోతుంది.

సీడ్ అమ్మేముందు, రోగకారకాల జన్యుపదార్థం ఉందేమో పట్టే పీసీఆర్ పరీక్ష చేస్తాము. తెల్లమచ్చ వైరస్ ఉంటే చెరువు కొద్ది రోజుల్లోనే ఖాళీ అయిపోతుంది కాబట్టి దాని సంగతి రైతుకు వెంటనే తెలుస్తుంది. ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి వ్యవహారం వేరు. అది రొయ్యను వెంటనే చంపదు, ఎదగనివ్వదు. రొయ్యలు మేత తింటూనే ఉంటాయి, సైజు రాదు. ఇక్కడే జీవశాస్త్రం వ్యాపారంగా మారుతుంది.

ఒక లెక్క వేసి చూపిస్తాను. లక్ష పిల్లలను వదిలితే 80 శాతం బతికి, ఒక్కొక్కటి 20 గ్రాములకు పెరిగాయనుకుందాం. మొత్తం 1,600 కిలోలు, అంటే కిలోకు 50 రొయ్యలు తూగే 50 కౌంట్ సరుకు. కిలో రొయ్య రావడానికి 1.3 కిలోల మేత పడితే 2,080 కిలోలు కావాలి, 1.5 కిలోలు పడితే 2,400 కిలోలు కావాలి. తేడా 320 కిలోలు. కిలో మేత 90 రూపాయలనుకుంటే ఆ తేడా ఒక్కటే 28,800 రూపాయలు. పైగా ఎదుగుదల తగ్గి 50 కౌంట్ రావలసింది 80 కౌంట్ దగ్గర ఆగిపోతే కిలో ధర కూడా పడిపోతుంది. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే కావడం వల్ల ఈ నిష్పత్తి మీద కన్ను లేని రైతు, ఎన్ని టన్నులు తీశాడని ఊరంతా చెప్పుకున్నా, చివరికి అప్పుతో మిగులుతాడు.

మా దగ్గరికి వచ్చే బీఎస్సీ పిల్లలకు పరాన్నజీవి పేరు తెలుసు, ఈ లెక్క తెలియదు. బీకామ్ చదివి కార్యాలయంలో కూర్చున్నవారికి లెక్క వెంటనే అర్థమవుతుంది గాని, సీడ్ నాణ్యత తగ్గితే నెల తరువాత మేత బిల్లు ఎందుకు పెరుగుతుందో తెలియదు. యజమానులు వెతికేది రెండూ తెలిసిన మనిషిని. జీవశాస్త్రం చదివినవారికి ఈ లెక్క నేర్పడం నాకు సులువుగా ఉంటోంది, లెక్కలు చదివినవారికి సూక్ష్మదర్శిని కింద కనబడేదానిని నేర్పడం కష్టంగా ఉంటోంది.

వంశధార
జూన్ 18

అందరికీ ధన్యవాదాలు. చెరువుల లెక్క చదివాక మా దుకాణం సంగతి కూడా అడగాలనిపించింది. అమ్మాయి ఎప్పటికైనా దుకాణం పేరు తన మీదికి మార్చుకోవాలంటే పురుగుమందుల లైసెన్సుకు చదువు నిబంధన ఏదో ఉందని విన్నాను. అది ఈ రెండు డిగ్రీల్లో దేనికి వర్తిస్తుంది?

నాగావళి (శ్రీకాకుళం)
జూన్ 18

మీ ప్రశ్నకు జవాబు నిబంధనల్లోనే స్పష్టంగా ఉంది. పురుగుమందులు అమ్మడానికి కొత్తగా లైసెన్సు కోరేవారు గాని, వారు నియమించుకున్న వ్యక్తి గాని వ్యవసాయశాస్త్రం, జీవరసాయనశాస్త్రం, జీవసాంకేతికశాస్త్రం, జీవశాస్త్రాల్లో పట్టభద్రులై ఉండాలి, లేదా రసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రాల్లో ఏదో ఒకటి ఉన్న సైన్సు డిగ్రీ కలిగి ఉండాలి. అంటే జంతుశాస్త్రం చదివిన మీ అమ్మాయికి ఆ అర్హత డిగ్రీతోనే వస్తుంది. బీబీఏతో గాని, బీకామ్‌తో గాని రాదు. పాత డీలర్లకు హైదరాబాదులోని మేనేజ్ సంస్థ రూపొందించిన, దేశీ అని పిలిచే ఏడాది డిప్లొమా ఉంది. మీరు ఇప్పటికే అది చేసి ఉండవచ్చు.

దుకాణం విషయంలో చదువు ఉపయోగం లైసెన్సుతో ఆగదు. వరిలో సుడిదోమ కనబడగానే రైతు వచ్చి తక్కువ ధరకు దొరికే సింథటిక్ పైరిత్రాయిడ్ మందు అడుగుతాడు. ఆ మందు సాలీళ్లవంటి మిత్రజీవులను చంపడం వల్ల కొన్ని రోజులకు దోమ ఇంకా ఉధృతంగా తిరిగి వస్తుంది. 2018లో మన దేశంలో మొదటిసారి కనబడిన కత్తెర పురుగు మన మొక్కజొన్నకూ పాకింది. దానికి ఒకే వర్గం మందును పదేపదే కొట్టిస్తే పురుగు తట్టుకోవడం నేర్చుకుంటుంది. జన్యుశాస్త్రం, ఆవరణశాస్త్రం చదివిన మనిషి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే రైతుకు ఈ మాటలు చెప్పగలుగుతుంది.

అయితే గంటస్తంభం గారి మాటను కూడా తోసిపుచ్చలేను. ఎరువుల మీద 5 శాతం, పురుగుమందుల మీద 18 శాతం జీఎస్టీ ఉన్న దుకాణంలో, పంట చేతికి వచ్చాక ఇస్తానన్న రైతుల అరువు పుస్తకంతో, కంపెనీలకు గడువులోగా కట్టవలసిన బాకీలతో, ఎరువుల అమ్మకాలు నమోదు చేసే ఈ-పాస్ యంత్రంలో చూపించిన ఎరువు నిల్వ గోదాములో ఉన్న నిల్వతో సరిపోకపోవడంతో వచ్చే చిక్కులను జంతుశాస్త్రం తీర్చదు. మన జిల్లాలో మూతపడిన దుకాణాల్లో చాలావాటిని ముంచింది అరువే.

ఉద్దానం కొబ్బరి (కవిటి)
జూన్ 19

నేను బీకామ్ చదివి ప్రస్తుతం చార్టర్డ్ అకౌంటెన్సీలో భాగమైన ఆచరణాత్మక శిక్షణ (సీఏ ఆర్టికల్స్) చేస్తున్నాను. ఈ చర్చలో ఒక చిన్న విశేషం చెప్పాలని ఉంది. జీవమున్న ఆస్తులను పుస్తకాల్లో ఎలా చూపాలన్నదానికి అకౌంటింగ్‌లో ప్రత్యేక ప్రమాణమే ఉంది, దానిని ఇండ్ ఏఎస్ 41 అంటారు. చెరువులో పెరుగుతున్న రొయ్య జీవసంబంధ ఆస్తి. దాని విలువను కొన్న ధరతో కాకుండా, ఆనాటి సముచిత విలువ నుంచి అమ్మకపు ఖర్చులు తీసివేసి చూపాలి. కొబ్బరిచెట్టు మాత్రం ఏళ్ల తరబడి కాపునిచ్చేది కనుక యంత్రాలు, భవనాల సరసన చేరి ఏటా తరుగుదలకు లోనవుతుంది. దాని మీద ఉన్న కాయ మళ్లీ జీవసంబంధ ఆస్తే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ప్రాంతంలో చెట్లను పడగొట్టినప్పుడు పోయినది ఆ ఏటి పంట మాత్రమే కాదని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఆ పాఠం చదివినప్పుడు, ఆ తేడాను లెక్కల్లో ఎలా రాస్తారో నాకు మొదటిసారి అర్థమైంది.

పన్ను విషయంలో కూడా ఇటువంటి తేడా ఉంది. కొబ్బరి, జీడి పంటల మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం కాబట్టి కేంద్ర ఆదాయపు పన్ను పడదు. రొయ్యల సాగు మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం కిందికి రాదు. రొయ్యల చెరువును కూడా పొలంగానే భావించే మా వైపు వారికి ఈ మాట చెబితే నమ్మరు.

గంటస్తంభం
జూన్ 19

బాగా చెప్పారు. ఒక్క సవరణ. ఆ ప్రమాణం లిస్టెడ్ కంపెనీలకు, నిర్ణీత పరిమాణం దాటిన పెద్ద కంపెనీలకే వర్తిస్తుంది. కవిటిలో తోట ఉన్న రైతు తన కొబ్బరిచెట్లకు తరుగుదల లెక్క రాయనవసరం లేదు.

సువర్ణముఖి (చీపురుపల్లి)
జూన్ 20

పెద్దలు అందరూ పాఠ్యప్రణాళికలో ఉన్నదానిని చెబుతున్నారు. తరగతి గదిలో జరిగేదానిని నేను చెబుతాను. ఒక ప్రైవేటు కళాశాలలో జీవశాస్త్రాలతో డిగ్రీ పూర్తి చేశాను, ఆ కళాశాల పేరు అనవసరం. మా ప్రయోగశాల తలుపు తనిఖీ బృందం వచ్చినప్పుడు తెరిచేవారు, పరీక్షల రోజున తెరిచేవారు. రికార్డు పుస్తకాల్లోని బొమ్మలు సీనియర్ల పుస్తకాలు చూసి వేసుకున్నాము. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు డబ్బు కడితే వచ్చాయి. పైడిభీమవరంలో ఒక మందుల కర్మాగారం నాణ్యత విభాగంలో ఇంటర్వ్యూకు వెళ్తే, పిపెట్ చేతికిచ్చి ఒక మిల్లీలీటరు కొలవమన్నారు. అప్పటివరకు నేను దానిని బొమ్మలోనే చూశాను.

కాబట్టి బీఎస్సీ మంచిదా, బీబీఏ మంచిదా అని అడగడానికి ముందు, ఆ కళాశాలలో ఆ కోర్సు నిజంగా నడుస్తున్నదా అని అడగాలి. బీకామ్‌ను ప్రయోగశాల లేకపోయినా ఒక మంచి అధ్యాపకుడు, ఒక నల్లబల్ల, లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్లతో నేర్పవచ్చు. జీవశాస్త్రాన్ని అలా నేర్పలేరు. మంచి ప్రయోగశాల అందుబాటులో లేనప్పుడు బీకామే న్యాయమైన ఎంపిక అని నా అనుభవం.

పెద్దచెరువు
జూన్ 20

సువర్ణముఖి గారూ, మీరు రాసినది చదివి బాధ కలిగింది గాని ఆశ్చర్యం కలగలేదు. నేను మొదట రాసిన సలహాకు మీ షరతును జోడిస్తున్నాను. వంశధార గారూ, ఆప్షన్లు పెట్టేముందు అమ్మాయిని వెంటబెట్టుకుని కళాశాలకు వెళ్లండి. కార్యాలయంలో బ్రోచరు తీసుకుని తిరిగి రాకండి. రెండో ఏడాది, మూడో ఏడాది విద్యార్థులతో మాట్లాడండి. కిందటి వారం ఏ ప్రయోగం చేశారని అడగండి. వెంటనే జవాబు చెబితే ప్రయోగశాల నడుస్తున్నట్టే. సూక్ష్మదర్శినులు ఎన్ని ఉన్నాయన్నదానికన్నా ఒక్కొక్కదాని దగ్గర ఎంతమంది నిలబడతారన్నది ముఖ్యం. జంతుశాస్త్రానికి శాశ్వత అధ్యాపకులు ఉన్నారా, కిందటి ఏడాది విద్యార్థులు ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారన్నది కూడా తెలుసుకోండి. హేచరీలు, నీటి పరీక్షా కేంద్రాలు, ఆసుపత్రి ప్రయోగశాలల పేర్లు వస్తే మంచిది. అందరూ ఆన్‌లైన్‌లోనే పూర్తి చేశారంటే అనుమానించండి. శ్రీకాకుళంలో పురుషుల, మహిళల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు రెండూ ఉన్నాయి. భవనం పాతదని, రంగు వెలిసిందని వాటిని చూడకుండా వదిలేయకండి. విజయనగరంలో మహారాజా కళాశాల 1879 నుంచి ఉన్నది, పాతబడినంత మాత్రాన చదువు తగ్గదు.

మరొక మాట. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ బోధన అంతా ఇంగ్లిషు మాధ్యమంలోనే సాగుతోంది. అమ్మాయి ఇంటర్ ఏ మాధ్యమంలో చదివిందో మీరు రాయలేదు. తెలుగులో చదివినదైతే మొదటి సెమిస్టర్ బరువుగా ఉంటుంది. అది జీవశాస్త్రంలోనైనా, వాణిజ్యంలోనైనా తప్పదు.

వంశధార
జూన్ 21

నమస్తే. నేను వారి అమ్మాయిని, నాన్నగారి అనుమతితో ఆయన ఖాతా నుంచి రాస్తున్నాను. నేను ఇంటర్ ఇంగ్లిషు మాధ్యమంలోనే చదివాను. అందరూ రాసినది చదివాక నాకు రెండు సందేహాలు మిగిలాయి. జంతుశాస్త్రం మేజర్‌గా తీసుకుంటే మైనర్‌గా వాణిజ్యం తీసుకోవచ్చా? దుకాణానికి జంతుశాస్త్రం కన్నా వృక్షశాస్త్రం ఎక్కువ పనికివస్తుందా? మా అమ్మ మాత్రం బీఈడీ చేసి టీచరు కావాలని కోరుకుంటోంది. నాకు ఆ ఆలోచన లేదని ఇంట్లో చెప్పాను.

పెద్దచెరువు
జూన్ 21

అమ్మా, నీవే వచ్చి అడిగినందుకు సంతోషం. నీ రెండు ప్రశ్నలకు ఉన్న ముడి మీ అమ్మగారి కోరికలోనే ఉంది. బడిలో జీవశాస్త్రం చెప్పేవారు మొక్కల గురించీ, జంతువుల గురించీ చెప్పాలి కాబట్టి, బోధన వైపు వెళ్లే ఉద్దేశం ఏ మాత్రం ఉన్నా జంతుశాస్త్రానికి మైనర్‌గా వృక్షశాస్త్రం ఉండటం మేలు. ఆ ఉద్దేశం లేదని నీకు స్పష్టంగా తెలిస్తే వాణిజ్యం గురించి ఆలోచించవచ్చు. అయితే మైనర్‌గా ఏమి దొరుకుతుందన్నది ఆ కళాశాలలో ఏ విభాగాలు ఉన్నాయి, కాలపట్టిక కుదురుతుందా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కళాశాలకు వెళ్లిన రోజున ఈ ఒక్క ప్రశ్నను ప్రిన్సిపాల్‌నే అడుగు.

పురుగుమందుల దుకాణంలో వచ్చే సమస్యల్లో పురుగులు జంతుశాస్త్రానివి, అగ్గితెగులువంటి తెగుళ్లూ కలుపు మొక్కలూ వృక్షశాస్త్రానివి. దుకాణం కోసమే అయితే రెండూ సమానమే, లైసెన్సుకూ రెండూ సరిపోతాయి. నీకు ఏది చదవాలనిపిస్తే అది మేజర్ చేసుకో.

గంటస్తంభం
జూన్ 22

వాణిజ్యం మైనర్‌గా దొరకకపోయినా నిరాశ పడనవసరం లేదమ్మా. మైనర్‌లో వచ్చే కొద్దిపాటి పాఠ్యాంశాల కన్నా, సెలవుల్లో మీ నాన్నగారి దుకాణం లెక్కలు నీవే రాయడం ఎక్కువ నేర్పుతుంది. రోజువారీ పద్దులు, అరువు ఖాతాలు, నిల్వల రిజిస్టరు, నెల చివర జీఎస్టీ రిటర్ను, వీటిని ఒక ఏడాది పాటు మీ అకౌంటెంటు పక్కన కూర్చుని రాస్తే బీకామ్ మొదటి ఏడాది పాఠాలు సగం వచ్చినట్టే. తరువాత ఐసెట్ రాసి ఎంబీఏకు వెళ్లాలనుకున్నా ఆ పునాది పనికివస్తుంది. నేను మొదట బీఎస్సీ మీద పెట్టిన అభ్యంతరం మనసు లేకుండా చేరేవారి గురించి. నీ విషయంలో అది వర్తించదని నీ ప్రశ్నలు చూశాక అనిపించింది.

పూసపాటిరేగ తీరం
జూన్ 22

ఆన్‌లైన్ ప్రవేశాల్లో ఆప్షన్లు ఇచ్చేటప్పుడు కళాశాల, మేజర్ కలిసి ఒక ఆప్షన్‌గా లెక్కకు వస్తాయి. అందువల్ల మంచి ప్రయోగశాల ఉన్న కళాశాలలో జంతుశాస్త్రం, అదే కళాశాలలో వృక్షశాస్త్రం, ఆ తరువాత రెండో కళాశాలలో జంతుశాస్త్రం అన్న వరసలో పెట్టమ్మా. ప్రయోగశాల లేని కళాశాలలో జంతుశాస్త్రాన్ని జాబితాలో చేర్చే బదులు, మంచి కళాశాలలో బీకామ్‌ను చివరి ఆప్షన్‌గా పెట్టుకో. ఇంటర్న్‌షిప్ సమయానికి హేచరీలో పని చూడాలనుకుంటే సీజను మొదలు కాకముందే కళాశాల ద్వారా ఉత్తరం పంపించాలి, సీడ్ అమ్మకాలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఏ హేచరీ కొత్తవారిని లోపలికి రానివ్వదు.